ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత కమాండ్ ఆగిపోతే

చీమకుర్తిలో మా గ్రానైట్ యూనిట్ బిల్లులను స్కాన్ చేసి, వెతకడానికి వీలైన పీడీఎఫ్‌లుగా మార్చడానికి ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే టూల్ వాడతాను. కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు సిస్టమ్ 22.04 వెర్షన్ నుంచి 24.04కి మారగానే అది 'మాడ్యూల్ దొరకలేదు' అంది. బయట లారీ బిల్లు కోసం ఆగి ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా ఎర్రర్ చివరి లైను నిదానంగా చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది.

ఈ టూల్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. పాత ఉబుంటులో పైథాన్ 3.10, కొత్తదానిలో 3.12. పైథాన్ టూల్స్‌ను ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో మన యూజర్ కింద వేసుకున్నవన్నీ 3.10 పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. కొత్త పైథాన్ అటువైపు చూడనే చూడదు. అంటే ఇల్లు మారాం, సామాను పాత ఇంట్లోనే ఉంది.

'విచ్' కమాండ్‌తో ఆ టూల్ ఎక్కడుందో చూడండి. హోమ్ ఫోల్డర్‌లోని '.లోకల్' కింద ఉంటే ఆ పాత ఫైల్ తీసేయండి. మళ్లీ పిప్ వాడబోతే 24.04 అడ్డుకుంటుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ చాలామంది చెబుతారు, దయచేసి వద్దు, సిస్టమ్ పైథాన్ చెడిపోవచ్చు. ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఏపీటీతో, ఒక్కో టూల్‌ను విడిగా ఉంచే పిప్‌ఎక్స్ వేసుకుని, దాంతో టూల్‌ను ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత కొత్త టెర్మినల్ తెరవండి.

తెలుగు బిల్లులైతే, స్కాన్‌లోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్‌కు తెలుగు ప్యాకేజీ ఉందో లేదో కూడా చూసుకోండి. అది పిప్‌ఎక్స్‌తో రాదు, ఏపీటీతోనే విడిగా వేసుకోవాలి.