గ్రామ ఉమ్మడి భూములను పంచాయతీ నిర్వహించవలసిన తీరు

మేతబీడు, శ్మశానం, కళ్లాలు, బండ్ల డొంక, చెరువు కింది తోపు, వాగు ఒడ్డు పోరంబోకు (శిస్తు లేని ప్రభుత్వ భూమి) ఏ ఒక్కరి పేరు మీదా ఉండవు గనుకనే ఊరందరికీ పనికివస్తాయి, ఆ కారణం చేతనే అన్నిటికంటే ముందు చేజారిపోతాయి. సెంటు భూమి లేని కుటుంబం నాలుగు మేకలను పెంచుకొని బతుకుతున్నదంటే వాటి మేత ఆ బీడు నుంచే వస్తుంది. కొత్తగా ఎన్నికైన సర్పంచులు, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శులు, గ్రామసభలో లేచి అడగదలచుకున్న సామాన్యులు ఈ భూముల విషయంలో ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. అన్నిటికీ మూలమైన మాట ఒకటి ముందుగానే చెప్పాలి. రోజూ వాడుకునేవారు ఉండి, ఆ వాడుక మీద వారికి మాట చెల్లే భూమి జోలికి ఆక్రమణదారు సాధారణంగా రాడు. కంచె వేసి, బోర్డు పాతి, ఊరి కాలు పడకుండా చేసిన భూమే ఎక్కువగా పోతుంది.

ఏది ఎవరి అధీనంలో ఉన్నది

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానితో చేరిన పదకొండవ షెడ్యూలులోని 29 అంశాలలో సామాజిక ఆస్తుల నిర్వహణ, సామాజిక అడవుల పెంపకం, వంటచెరకు, పశుగ్రాసం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 58వ సెక్షను ప్రకారం, ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత పోరంబోకులు, కళ్లాలు, శ్మశానాలు, పశువులు నిలిచే స్థలాలు, బండి దారులు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. తెలంగాణలో 2018 నుంచి ప్రత్యేక పంచాయతీరాజ్ చట్టం ఉన్నది గనుక అక్కడివారు ఆ చట్టంలోని సెక్షన్లనే ఉదహరించాలి.

దఖలు పడటమంటే యాజమాన్యం రావడం కాదు. పంచాయతీకి ఉన్నది ధర్మకర్త బాధ్యత మాత్రమే. మేతబీడును అమ్మడానికీ, ఇష్టం వచ్చినవారికి రాసి ఇవ్వడానికీ తీర్మానం ఎంత ఏకగ్రీవమైనా చాలదు. ప్రభుత్వమే నోటిఫికేషన్ ద్వారా ఆ భూమిని తిరిగి తీసుకొనే వీలున్నందున, అది ఇప్పుడు దేనికి, ఎంతమందికి ఉపయోగపడుతున్నదో పంచాయతీ దగ్గర ఎప్పటికప్పుడు కాగితం మీద ఉండటం అవసరం. వాడుక లేదని తోచిన భూమి మీదికే అందరి చూపూ వెళుతుంది.

ఊరి హద్దులో ఉన్నంత మాత్రాన ప్రతి ఖాళీ స్థలమూ పంచాయతీది కాదు. రిజర్వు అడవి అటవీ శాఖది, దేవాలయ భూములు, వక్ఫ్ భూములు వాటి సంస్థలవి, సాగునీటి చెరువుల శిఖం భూములలో, అంటే చెరువు నీరు నిలిచే భూములలో, రెవెన్యూ, నీటిపారుదల శాఖల ప్రమేయం ఉంటుంది. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి ఉమ్మడి భూమి కానే కాదు. షెడ్యూల్డు ప్రాంతాలలో, అంటే రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన గిరిజన ప్రాంతాలలో, పంచాయతీ వ్యవస్థను అక్కడికి విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ఉమ్మడి వనరులను కాపాడే అధికారాన్ని నేరుగా గ్రామసభకే గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తరతరాలుగా కాపాడుతూ వచ్చిన సామాజిక అటవీ వనరులపై నిర్వహణ హక్కును ఇచ్చింది. అటువంటి గ్రామాలలో పంచాయతీ కార్యవర్గం గ్రామసభను దాటి నిర్ణయం తీసుకోవడం చట్టానికే విరుద్ధం.

కాగితం, కొలత, గుర్తు

మొదటి పని పంచాయతీ కార్యాలయంలో కాదు, తహసీల్దారు కార్యాలయంలో మొదలవుతుంది. గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ భూముల రిజిస్టరు), సంబంధిత సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబి పటాలు (కొలతలతో గీసిన క్షేత్ర పటాలు), అడంగళ్లు (ఏటా రాసే సాగు, అనుభవ రికార్డులు), వీటి ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. తెలంగాణ గ్రామాలలో సేత్వారు (తొలి భూమి రిజిస్టరు), టిప్పన్ (కొలతల చిత్తు పటం), పాత పహాణీలు (అడంగల్ వంటివే) అవసరమవుతాయి. వీటి నుంచి పోరంబోకు, బంజరు, శ్మశానం, దారి, కుంట అని నమోదైన ప్రతి సర్వే నంబరునూ విస్తీర్ణంతో సహా ఒక పట్టికగా రాసుకోవాలి. ఆ తరువాత అవే నంబర్లు ఇప్పటి ఆన్‌లైన్ రికార్డులలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలో, తెలంగాణలో భూభారతిలో ఎలా ఉన్నాయో పోల్చిచూడాలి. పాత రిజిస్టరులో మేత పోరంబోకుగా ఉన్న నంబరు కొత్త రికార్డులో ఎవరి పేరిటనైనా కనిపిస్తే, విస్తీర్ణం కొంత తగ్గితే, వర్గీకరణ మారితే, మీ పని అక్కడే ఉన్నది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షను కింద ఉండే నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఈ నంబర్లన్నీ ఉన్నాయో లేవో కూడా అప్పుడే సరిచూసి, లేనివాటిని చేర్చవలసిందిగా తీర్మానం జతచేసి రాతపూర్వకంగా కోరాలి. ఆ జాబితాలో లేని భూమికి దస్తావేజు పుట్టకుండా ఆపడం కష్టం, ఒకసారి పుట్టిన దస్తావేజును రద్దు చేయించడానికి కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి ఉంటుంది.

కాగితాలు చేతికి వచ్చాక పటం పట్టుకొని భూమి మీద నడవాలి. పశువుల కాపరులను, గొర్రెల పెంపకందారులను, పెద్దవయసు ఆడవారిని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. డొంక ఎంత వెడల్పుండేది, వానాకాలంలో నీరు ఎటు పారేది, పాత హద్దురాయి ఏ చెట్టు కింద ఉండేది వంటి సంగతులు వారికి తెలిసినంతగా రికార్డుకు తెలియవు. పుల్లల కోసం, ఆకుల కోసం ప్రతి మూలా తిరిగినవారు వారే.

ఆ తరువాత సర్వే. హద్దులు తేల్చమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి, మండల సర్వేయరుతో కొలిపించాలి. కొలత రోజున చుట్టుపక్కల రైతులకు ముందుగా నోటీసు అంది, వారు హాజరై, పంచనామా మీద సంతకం చేయడం చాలా ముఖ్యం. తన కళ్లెదుట పాతిన రాయిని కాదనడం ఎవరికైనా కష్టమే. రాళ్లు పాతించి, వాటి మధ్య కందకం తవ్వించి, గట్టు మీద కిత్తనార, గచ్చపొద, వావిలి వంటివి నాటితే అదే కంచె అవుతుంది. ఇనుప తీగకు పెట్టే డబ్బును మరో పనికి దాచుకోవచ్చు. ఈ వివరాలన్నీ పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కాలి. ఒక్కో భూమికి ఒక్కో పుట ఇచ్చి, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఎవరు దేనికి వాడుకుంటున్నారు, దాని మీద జరిగిన తీర్మానాలు, చేసిన ఖర్చు, వచ్చిన ఆదాయం వరుసగా రాయాలి.

వాడుక నిబంధనలు

నిర్వహణలో అసలు సారం ఇక్కడ ఉన్నది. చాలా పంచాయతీలు ఈ అంశాన్నే ఒక వాక్యంతో దాటవేస్తాయి. "మేతబీడును అందరూ జాగ్రత్తగా వాడుకోవాలి" అని తీర్మానం రాస్తే ఎవరికీ ఏమీ చెప్పినట్లు కాదు. ఎవరు, ఎప్పుడు, ఎంత, తప్పితే ఏమిటి అనే నాలుగు ప్రశ్నలకూ జవాబు ఉన్నదే నిబంధన.

ఉమ్మడి వనరులపై జీవితకాలం పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండగ్రామాన్ని ఉదాహరణగా చూపారు. శీతకాలమంతా తన సొంత మేతతో ఎన్ని ఆవులను పోషించగలడో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చిక మీదికి తోలాలని ఆ ఊరివారు 1517లోనే కట్టడి చేసుకున్నారు. ఆ కట్టడిని మక్కీకి మక్కీగా తెచ్చుకోవడానికి లేదు. మన ఊళ్లలో ఆ లెక్క పెడితే భూమి లేనివారికే అన్యాయం జరుగుతుంది. మనం నేర్చుకోవలసినది పరిమితి లెక్కపెట్టగలిగేదిగా, పక్కింటివారు సైతం సరిచూడగలిగేదిగా ఉండాలన్న సంగతి. మన పరిస్థితిలో, సొంత పొలం ఉన్నవారి పశువుల సంఖ్యకు పరిమితి పెట్టి, భూమి లేనివారి మేకలకు, గొర్రెలకు మొదటి హక్కు ఇవ్వడం న్యాయం.

మేతబీడును మూడు భాగాలుగా చేసి, తొలకరి పడిన దగ్గర నుంచి గడ్డి గింజ రాలేదాకా ఒక భాగాన్ని మూసి ఉంచి, ఏటా ఆ భాగాన్ని మార్చుకుంటూ పోవడం అనుభవంలో నిలిచిన పద్ధతి. మూసిన భాగంలో పశువులను వదలకుండా గడ్డి కోసి మోసుకుపోవడాన్ని అనుమతించవచ్చు. మొత్తం బీడును ఒక్కసారి మూయడం మాత్రం పొరపాటు. మేకలున్న ఇంటికి ఆ రోజు నుంచే మేత ఉండదు, నెల తిరగకుండానే నిబంధన మీద ఆ ఇంటికి ద్వేషం పుడుతుంది. ఏటా ఊరి మీదుగా మందలు తోలుకుపోయే సంచార గొర్రెల కాపరుల బాటను, వారు రాత్రి నిలిచే చోటును కూడా నిబంధనలలోనే గుర్తించాలి. వారు సభకు రాలేరు గనుక వారి తరఫున పంచాయతీయే ఆలోచించాలి.

ఈ నిబంధనలను సర్పంచి ఒక్కరే రాయకూడదు. వాడుకదారులతో ఒక కమిటీ వేసి, అందులో కాపరులు, భూమి లేనివారు, దళితవాడ ప్రతినిధులు, మహిళలు తగినంత మంది ఉండేలా చూసి, ముసాయిదాను గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలను మినిట్స్‌లో నమోదు చేసి, ఆ తరువాతే ఆమోదించాలి. సభ ఏ పూట జరుగుతుందన్నదీ చిన్న విషయం కాదు. మందలు బీడులో ఉన్న పగటిపూట సభ పెడితే, ఎవరి కోసం నిబంధనలు రాస్తున్నారో వారే హాజరు కాలేరు. జరిమానా తొలిసారి స్వల్పంగా, మళ్లీ మళ్లీ తప్పినప్పుడు ఎక్కువగా ఉండాలి. తప్పించుకు వచ్చిన పశువులను బందెలదొడ్డికి తోలే అధికారం 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం నుంచి ఉన్నదే. అయితే కాపలాదారును నియమించుకొని ముందే ఆపడం అందరికీ మర్యాద.

భూమిని బాగుచేయడం, ఆదాయం

ఎండిన బీడును చూసి చెట్లు నాటాలనే ఉత్సాహం వెంటనే కలుగుతుంది. ముందు చేయవలసినది నీటిని, మట్టిని నిలపడం. వాలుకు అడ్డంగా కందకాలు, వాగుపాయలలో రాతికట్టలు, చిన్న కుంటలు ఉపాధి హామీ పనులలో చేయించి, వాటిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలి. సర్కారు తుమ్మ ఆవరించిన చోట దానిని పైపైన నరికితే మొదలు నుంచి మళ్లీ ఒత్తుగా చిగురిస్తుంది, కాబట్టి వేరుతో పెకలించి, ఖాళీ అయిన చోట ఆ వానలోనే స్టైలో, అంజన్ గడ్డి గింజలు చల్లాలి. పశువులు తినని మొక్కలనే వరుసగా నాటి, మేతబీడును కలపతోటగా మార్చడం కాపరుల నోటికాడ కూడు తీసేయడమే. కానుగ, వేప, నేరేడు, సీతాఫలం హద్దుల వెంబడి, చింత తోపులలో వేసుకుంటే మేతకు అడ్డురావు.

చింతపండు, సీతాఫలం వంటి ఫలసాయాన్ని, కుంటలోని చేపలను బహిరంగ వేలం వేసి ఆదాయం పొందవచ్చు. చెట్ల ఫలాన్ని వేలం వేయాలి గాని భూమిని కౌలుకు ఇవ్వకూడదు. ఒక పంటకని ఇచ్చిన కౌలు రెండేళ్లకు అనుభవంగా, పదేళ్లకు హక్కు అన్న వాదనగా మారిపోతుంది. వచ్చిన సొమ్మును పంచాయతీ నిధికి రసీదుతో జమచేసి, దానిలో కొంత భాగం తిరిగి ఆ భూమికే ఖర్చు పెడతామని తీర్మానించుకోవాలి.

సామాజిక అభయస్థలాలు

పక్షులు గూళ్లు కట్టుకునే చెరువో, వన్యప్రాణులు తిరిగే గుట్టో ఊరి ఉమ్మడి భూమిలో ఉంటే, 2002లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36సి సెక్షను కింద దానిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరవచ్చు. ఇది జాతీయ పార్కులు, అభయారణ్యాల వెలుపల, సమాజం స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన చోట మాత్రమే వర్తిస్తుంది. నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయతీ నామినేట్ చేసే ప్రతినిధులు, అటవీ లేదా వన్యప్రాణి శాఖ ప్రతినిధి ఒకరు ఉంటారు. ఒకసారి ప్రకటన వెలువడ్డాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ లేకుండా భూవినియోగాన్ని మార్చడానికి వీలులేదు. అందుకని మేత, చేపలు, దారి విషయంలో ఇప్పుడున్న వాడుకలను దరఖాస్తుకు ముందే స్పష్టంగా రాసుకోవాలి. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు, కేరళలోని కడలుండి ఈ పద్ధతిలో ప్రకటితమైనవే. మన వైపు గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల్లో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే కొంగలను, గూడబాతులను ఊరివారు ఆదరిస్తున్న తీరు చూస్తే, చట్టం కంటే ముందే ఈ సంస్కారం పల్లెల్లో ఉన్నదని తెలుస్తుంది. జీవవైవిధ్య చట్టం, 2002 కింద ప్రతి పంచాయతీలో ఉండవలసిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఈ దరఖాస్తుకు మంచి ఆధారం.

ఆక్రమణ జరిగినప్పుడు

వెంటనే కదలాలి, కాని పలుగు, పార పట్టుకొని కాదు. కార్యదర్శి స్థలానికి వెళ్లి ఫొటోలు తీసి, పంచనామా రాసి, పంచాయతీ తీర్మానంతో తహసీల్దారుకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. భూ ఆక్రమణల చట్టం, 1905 ప్రకారం 7వ సెక్షను కింద నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, ఆ తరువాత 6వ సెక్షను కింద ఖాళీ చేయించాలి. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా ఆక్రమణదారుకు కోర్టులో స్టే సులువుగా దొరుకుతుంది.

జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పును ప్రతి ఫిర్యాదులోనూ ఉదహరించవచ్చు. పంజాబ్‌లోని ఒక గ్రామ చెరువు స్థలం ఆక్రమణపై వచ్చిన ఆ తీర్పులో, గ్రామ ఉమ్మడి భూముల నుంచి ఆక్రమణదారులను తొలగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ కోర్టు ఆదేశించింది. ఎంత కాలంగా ఆక్రమించినా, కట్టడాలకు ఎంత ఖర్చు పెట్టినా, ఎంత రాజకీయ పలుకుబడి ఉన్నా క్రమబద్ధీకరణకు అది కారణం కాదని స్పష్టం చేసింది. భూమి లేని కూలీలకు, దళితులకు, గిరిజనులకు ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా లీజుకిచ్చిన సందర్భాలు, బడి, ఆసుపత్రి వంటి ప్రజావసరాలు ఉన్న స్థలాలు వంటి ప్రత్యేక సందర్భాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఊరిలో బలవంతుని పది ఎకరాలను వదిలి, నిరుపేద గుడిసెను మొదట తొలగించే పంచాయతీ మాటకు ఆ తరువాత విలువ ఉండదు. గుడిసెవాసికి ఇంటి స్థలం చూపించే ప్రయత్నం, పెద్ద ఆక్రమణ మీద చర్య ఒకేసారి మొదలుకావాలి.

ఏటా వానలకు ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి రిజిస్టరు పట్టుకొని హద్దురాళ్లను లెక్కపెట్టి, కదిలినవి, పోయినవి ఏవో గ్రామసభకు నివేదించాలి. కార్యవర్గం పదవీకాలం ముగిసిన రోజున పాత సర్పంచి, కొత్త సర్పంచి, కార్యదర్శి కలిసి అదే నడక మరొకసారి నడిచి, రాళ్ల సంఖ్య సరిపోయిందని రిజిస్టరులో ముగ్గురూ సంతకాలు చేశాకనే తాళాలు చేతులు మారాలి.