చలికాలంలో బెర్నీనా రైలు మార్గంపై ఒక్కరోజు ప్రయాణం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

స్విట్జర్లాండ్‌లోని కూర్ నగరం నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలోని టిరానోకు చేరే బెర్నీనా ఎక్స్‌ప్రెస్ 55 సొరంగాల గుండా, 196 వంతెనల మీదుగా సాగుతుంది. ఒకవైపు ప్రయాణానికే నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవారు చాలామంది వెళ్లే రైలు గురించే ఆలోచించి, తిరుగు రైలును టిరానో చేరాక చూసుకుందామనుకుంటారు. చలికాలంలో ఈ ప్రయాణానికి వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి కాబట్టి ప్రణాళికను చివరి నుంచి మొదటికి వేసుకోవడం మంచిది. ముందుగా మీ బసకు చేర్చే ఆఖరి రైలు ఏదో చూసుకోవాలి. దానికి ముందు వచ్చే రైలునే మీ తిరుగు రైలుగా నిర్ణయించుకుని, అది అందుకోవాలంటే ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరాలో అప్పుడు లెక్క వేసుకోవాలి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణాలు ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే చీకటి పడటం మొదలవుతుంది. మధ్యాహ్నం ఆలస్యంగా టిరానో వదిలితే కనుమ పైకి చేరేసరికి అద్దం బయట ఏమీ కనిపించదు. టిరానో నుంచి లుగానో మీదుగా మరో దారిలో వెనక్కి చేర్చే బస్సు నడి చలికాలంలో నడవదు కనుక, వచ్చిన రైలు దారినే తిరిగి వెళ్లాలి. భారీ మంచు కురిసినా, మంచుచరియలు విరిగిపడే ముప్పు ఉన్నా ఆ ఒక్క దారిని కూడా కొంతసేపు మూసివేయవచ్చు. అందువల్ల ముందురోజు రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి రైల్వే సంస్థ వెబ్‌సైటులో రాకపోకల స్థితిని చూసుకోవాలి. మరుసటి ఉదయమే విమానం ఎక్కవలసి ఉన్నవారు ఈ ప్రయాణాన్ని ఆ రోజుకు ముందురోజు పెట్టుకోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

టికెట్ల విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవారికి టిరానో వరకు ప్రయాణ ఛార్జీ ఆ పాస్‌లోనే కలిసి ఉన్నా, బెర్నీనా ఎక్స్‌ప్రెస్ విశాలమైన అద్దాల పెట్టెలలో కూర్చోవడానికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి రుసుము వేరుగా చెల్లించాలి. రిజర్వేషన్ దొరకనంత మాత్రాన ప్రయాణం మానుకోనక్కరలేదు. అదే పట్టాల మీద సెయింట్ మోరిట్జ్, టిరానోల మధ్య మామూలు ప్రాంతీయ రైళ్లు పగలంతా తిరుగుతాయి, వాటికి రిజర్వేషన్ అక్కరలేదు. పైగా వాటిలో కొన్ని పెట్టెల కిటికీలు తెరుచుకుంటాయి కాబట్టి అద్దం మీద ప్రతిబింబాలు పడకుండా ఫొటోలు తీసుకోవచ్చు. అయితే కిటికీ తెరిచి ఉందని చేతులు గాని, ఫోను గాని, తల గాని బయట పెట్టకూడదు. సొరంగం గోడలు, స్తంభాలు పెట్టెకు చాలా దగ్గరగా వస్తాయి, మలుపు తిరిగేవరకు కనిపించవు. పిల్లలను కిటికీ పక్కన కూర్చోబెట్టినవారు ఈ ఒక్క విషయంలో క్షణం కూడా ఏమరకూడదు.

ఎత్తు సంగతి మరికొంత వివరంగా చెప్పాలి. టిరానో సముద్రమట్టానికి 429 మీటర్ల ఎత్తున ఉంటే, మార్గంలో అన్నిటికంటే ఎత్తయిన ఓస్పీట్సియో బెర్నీనా స్టేషన్ 2,253 మీటర్ల ఎత్తున ఉంది. నిటారు వాలులో రైలు జారకుండా పట్టాల మధ్య వేసే పళ్ల పట్టా సాయం లేకుండానే ఈ రైలు 7 శాతం వరకు వాలు ఎక్కుతూ రెండు గంటలలోపే ఈ తేడాను దాటేస్తుంది. ఆరోగ్యవంతులకు ఈ ఎత్తు సాధారణంగా ప్రమాదం కాదు గాని, కొందరికి తలనొప్పి, ఆయాసం, చెవులు మూసుకుపోయినట్లు ఉండటం కలగవచ్చు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందుగా తమ వైద్యుడిని అడిగి, రోజువారీ మందులను పెద్ద సామానులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. దారి పొడవునా మలుపులే కాబట్టి కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మందును రైలు ఎక్కే ముందే వేసుకోవాలి, రైలు వెళ్లే దిశకు ముఖం పెట్టి కూర్చుని, ఫోను తెరను కాకుండా దూరంగా ఉన్న శిఖరాలను చూడాలి.

మంచు ఉన్నచోట ఎండ ఉండదనుకోవడం తప్పు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం లేదా అంతకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది, కొత్తగా కురిసిన మంచు వాటిలో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. నల్లకళ్లద్దాలు, ముఖానికి సన్‌స్క్రీన్ తప్పనిసరి. బట్టలు ఒక్క మందపాటి కోటుగా కాకుండా పొరలు పొరలుగా వేసుకుంటే, వెచ్చని పెట్టెలో తీసేసి, దిగినప్పుడు తిరిగి వేసుకోవడం సులువవుతుంది.

దారిలోని ఆల్ప్ గ్రూమ్ స్టేషన్‌లో రైలు కొన్ని నిమిషాలు ఆగినప్పుడు దిగి ఫొటోలు తీసుకోవాలనిపిస్తుంది. దిగేముందు ఎంతసేపు ఆగుతుందో సిబ్బందిని అడగాలి, పాస్‌పోర్టు, ఫోను, కోటు లేకుండా దిగకూడదు. ప్లాట్‌ఫాం మీద గడ్డకట్టిన మంచు కాలు జారేలా ఉంటుంది కనుక అడుగుభాగం గరుకుగా ఉన్న బూట్లు అవసరం. టిరానోలో పట్టాలు బసిలికా అనే పెద్ద చర్చి ముందున్న కూడలిలో వాహనాలు తిరిగే రోడ్డు మీదుగానే పోతాయి, అక్కడ ఫొటో కోసం పట్టాల మీద నిలబడటం ఎంతమాత్రం తగదు.

భోజనశాల పెట్టె ఉండదు కాబట్టి నీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉండాలి. సరిహద్దు దాటుతున్నారు కనుక అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. ఫ్రాంకులతో పాటు కొన్ని యూరోలు కూడా ఉంచుకోవాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేనందున, ఆ యూనియన్ దేశాలకే వర్తించే ఫోను ప్యాకేజీ స్విస్ వైపు పనిచేయకపోవచ్చు, కాబట్టి టికెట్లను, రైళ్ల వేళలను ముందే ఫోనులో భద్రపరచుకోవాలి. అత్యవసరమైతే రెండు దేశాల్లోనూ 112కు ఫోను చేయవచ్చు. టిరానో నుంచి మిలాన్‌కు వెళ్లేవారికి మరో మాట: ఇటలీ రైళ్ల స్టేషన్ పక్కనే విడిగా ఉంటుంది, స్విస్ పాస్ అక్కడ చెల్లదు, కాగితపు ప్రాంతీయ టికెట్ కొన్నవారు రైలు ఎక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో దానిపై ముద్ర వేయించుకోవాలి.