తొక్కతో పని, 3వ పాఠం: బత్తాయి బెండులోంచి పెక్టిన్

పోయిన పాఠంలో బత్తాయి పైతొక్కను పలచగా చెక్కి నూనె సంగతి చూశాం. మిగిలిన తెల్ల బెండు ఇవాళ్టి పని. జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ పౌడరు ఎక్కువగా వచ్చేది నిమ్మజాతి తొక్కల నుంచే, దాని తర్వాత ఆపిల్ పిప్పి నుంచి. తిరుపతిలో తొక్కకేం కరువు, జ్యూస్ బండి దగ్గర సాయంత్రం అడిగితే సంచీ నింపి ఇస్తారు. నన్నైతే "మేకలకా సార్?" అని అడిగారు.

తొక్క మాత్రం ఆ రోజుదే కావాలి. మొదటిసారి నేను రాత్రి తెచ్చి కవర్లోనే వదిలేసి పొద్దున ఉడికించాను, గంటన్నర గ్యాస్ తగలేస్తే వచ్చింది పసుపు నీళ్లు. తొక్క తెగిన దగ్గర్నుంచీ అందులోని ఎంజైములు పెక్టిన్‌ను పాడుచేస్తూనే ఉంటాయి, బాగా వేడి తగిలితేనే ఆగుతాయి. అందుకే పావుకిలో బెండు సన్నగా తరిగి, ముందు మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబోయండి. చేదూ కొంత పోతుంది.

ఇప్పుడు స్టీలు గిన్నెలో (అల్యూమినియం వద్దు, పులుపుకి పడదు) లీటరు కొత్త నీళ్లు, నాలుగు నిమ్మకాయల రసం పోసి సన్నమంట మీద గంటసేపు ఉంచండి. తెర్లనివ్వకండి, మరీ వేడెక్కితే పెక్టిన్ విరిగిపోతుంది. ఫ్యాక్టరీల్లో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 దగ్గర, 80-90 డిగ్రీల వేడిలో తీస్తారు. లీటరు నీళ్లలో కలిపాక మన నిమ్మరసానికి అంత పులుపు ఉండదు, దిగుబడి తక్కువే. తడిగుడ్డలో వేలాడదీసి వడకట్టండి, పిండితే మడ్డి దిగుతుంది. గుడ్డలో మిగిలిన పిప్పి నిజంగానే మేకలకి.

అసలు పరీక్ష ఇప్పుడు. స్టవ్ ఆర్పేసి, గాజు గ్లాసులో చల్లారిన ద్రవం ఒక చెంచా, దాని మీద సర్జికల్ స్పిరిట్ మూడు చెంచాలు పోసి మెల్లగా తిప్పి ఒక నిమిషం ఆగండి. ఫోర్కుతో ఎత్తితే గుడ్డు తెల్లసొనలాగా ఒకే ముద్దగా లేచిందా, పాసు. పోగులు పోగులుగా వస్తే మిగతా ద్రవాన్ని సన్నమంట మీదే సగానికి ఇగిరించి మళ్లీ చూడండి. గ్లాసులోది నాలిక మీద పెట్టకండి, అది విషం, సింకులో పోసేయండి.

చక్కెర తగ్గించి జామ్ చేద్దామనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, ఈ పెక్టిన్ బిగుసుకోవాలంటే జామ్‌లో చక్కెర 65 శాతం దాకా ఉండాలి, పులుపూ ఉండాలి. వచ్చే పాఠానికి బొప్పాయి ఒకటి తెచ్చి ఉంచండి, మరీ మెత్తబడింది వద్దు.