ఎంసీ5 'బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ' ఎలా వినాలి

డెట్రాయిట్ రాక్ బ్యాండ్ ఎంసీ5 అనగానే రాక్ అభిమానులు 1969లో వచ్చిన 'కిక్ అవుట్ ద జామ్స్' పేరే చెబుతారు. 1968 అక్టోబర్ చివర్లో డెట్రాయిట్ గ్రాండీ బాల్‌రూమ్‌లో జనం మధ్య రికార్డ్ చేసిన లైవ్ ఆల్బమ్ అది. గొప్పదే, కాదనను. కానీ పంక్ (1970ల మధ్యలో వచ్చిన పొట్టి, వేగమైన, పదునైన రాక్) ఎక్కడ మొలకెత్తిందో చూపించమని నన్నడిగితే, దాని తర్వాత 1970 జనవరిలో వచ్చిన 'బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ' వినమంటాను. మొదటిది అమెరికా చార్టులో 30వ స్థానానికి చేరింది. ఇది 137 దాటలేదు. అప్పటి నుంచీ దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే.

చాలామంది దీన్ని రెండు పాటలు విని ఆపేస్తారు. సౌండ్ పలచగా ఉంది, బేస్ లేదు, లైవ్ ఆల్బమ్‌లో ఉన్న ఊపు ఏదీ అంటారు. నేను బేస్ గిటార్ వాయించేవాణ్ణి. మైకేల్ డేవిస్ వాయించిన బేస్‌ను ఇంతగా అణిచేసిన రికార్డు మీద అందరికంటే ముందు నాకే కోపం రావాలి. రాదు. ఎందుకు రాదో వింటేనే తెలుస్తుంది, కాబట్టి నేను ఎవరికైనా వినిపించే పద్ధతి చెబుతాను.

ముందు ఈక్వలైజర్ ఫ్లాట్‌గా పెట్టండి. బేస్ బూస్ట్ ఆన్‌లో ఉంటే తప్పకుండా ఆఫ్ చేయండి. రికార్డింగ్‌లోనే లేని బేస్‌ను మీరు పెంచితే వచ్చేది బేస్ కాదు, మొద్దు మోత. అది గిటార్ల పదునును కూడా మింగేస్తుంది. హెడ్‌ఫోన్స్ కంటే స్పీకర్ మేలు, చిన్నదైనా సరే. వాల్యూమ్ మీరు మామూలుగా పెట్టేదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఫోన్ స్పీకర్లో కూడా ఈ ఆల్బమ్ బానే నిలబడుతుంది, ఎందుకంటే ఇందులో ఉన్నదంతా మధ్య, పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంది.

ఈ సౌండ్ వెనక ఉన్న మనిషి జాన్ లాండౌ. రోలింగ్ స్టోన్ పత్రికలో సంగీత సమీక్షలు రాసేవాడు, తర్వాతి కాలంలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కు ప్రొడ్యూసర్, మేనేజర్ అయ్యాడు. ఎంసీ5 దగ్గరికి వచ్చేనాటికి అతనికి స్టూడియో అనుభవం పెద్దగా లేదు. బ్యాండ్ అప్పటికే చిక్కుల్లో ఉంది. బూతు మాటతో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌ను తిడుతూ ప్రకటన వేసినందుకు ఎలెక్ట్రా కంపెనీ వాళ్లను వదిలేసింది. మేనేజర్ జాన్ సింక్లేర్‌కు రెండు గంజాయి సిగరెట్ల కేసులో 1969 జులైలో పదేళ్ల శిక్ష పడింది. కొత్త కంపెనీ అట్లాంటిక్‌లో లాండౌ చేసిన పని ఏమిటంటే, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ముందు గిటార్ పెట్టే కేక లాంటి రొద) తీసేశాడు, సోలోలు కత్తిరించాడు, తాళం గట్టిగా బిగించాడు. ఈ సౌండ్ మీద బ్యాండ్ వాళ్లకే తర్వాత అసంతృప్తి మిగిలింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కత్తిరింపే ఆరేళ్ల తర్వాత వచ్చే సంగీతానికి నమూనా అయింది.

ఇప్పుడు ఆల్బమ్ పెట్టండి. మొదటి పాట 1950ల రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ'. నిమిషన్నరలో అయిపోతుంది. దాన్ని విడిగా అంచనా వేయకుండా వెంటనే వచ్చే 'టునైట్'తో కలిపి వినండి. పాట వినేటప్పుడు రాబ్ టైనర్ గొంతును కాసేపు పక్కన పెట్టి, డ్రమ్మర్ డెన్నిస్ థాంప్సన్ స్నేర్ (డ్రమ్ సెట్‌లో ఠప్పుమని మోగే డ్రమ్) దెబ్బను పట్టుకోండి. అతన్ని 'మెషిన్ గన్' అని పిలిచేవాళ్లు. స్నేర్ దొరికాక దాని పక్కనే వేన్ క్రేమర్, ఫ్రెడ్ 'సోనిక్' స్మిత్ గిటార్లు వెతకండి. ఇద్దరూ లీడ్ (సోలోలు) వాయించగలవాళ్లే, అయినా ఇక్కడ ఎక్కువసేపు రిథమే నడుపుతారు. బేస్ తగ్గడం వల్ల ఆ రెండు కుడిచేతుల కదలిక ఒక్కో దెబ్బా వినపడుతుంది. ఈ ఆల్బమ్‌లో పంక్ మొదట ఉన్నది అక్కడే.

'లెట్ మీ ట్రై' మొదటిసారి దాటేయండి. నాలుగు నిమిషాల పైచిలుకు నెమ్మది పాట, ఇక్కడ ఇమడలేదు. మిగతావి చాలావరకు రెండున్నర నిమిషాలకు అటూ ఇటూగా ముగుస్తాయి.

'లుకింగ్ ఎట్ యూ' దగ్గర మాత్రం ఆగండి, దానికి కొంచెం టైమ్ కేటాయించాలి. ఇదే పాటను ఎంసీ5 1968లో ఎ-స్క్వేర్ అనే చిన్న లేబుల్‌పై సింగిల్‌గా విడుదల చేసింది. ముందు అది వినండి, తర్వాత ఆల్బమ్‌లోది, ఆ తర్వాత ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ ద డామ్డ్ 1979లో 'మెషిన్ గన్ ఎటికెట్' ఆల్బమ్‌లో వాయించినది. 1968 సింగిల్లో గిటార్ పాట మీద పడి అరుస్తూ ఉంటుంది, మాటలు ఆ రొదలో మునిగిపోతాయి. 1970కి వచ్చేసరికి అదే పాట శుభ్రపడి, ఒళ్లు బిగబట్టుకుని పరిగెత్తుతుంది. డామ్డ్ పాటలో మొదటిదాని పిచ్చి, రెండోదాని పరుగు రెండూ కనపడతాయి. ఎంసీ5 నుంచి పంక్ ఏం తీసుకుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

ఎల్పీ రికార్డు రెండో వైపున్న ఆరు పాటలూ ('హై స్కూల్' నుంచి చివరి దాకా) మధ్యలో ఆపకుండా వినాలి. 'హై స్కూల్'లో కోరస్ స్కూల్ ఆటల పోటీల్లో అమ్మాయిలు వేసే కేకల్లా ఉంటుంది. పెద్ద తత్వాలు, మాంత్రికులు, అంతరిక్షం రాజ్యమేలుతున్న రోజుల్లో వీళ్లు బడి గురించి, కుర్రతనం గురించి, ఈ రాత్రి గురించి పాడారు. 'ది అమెరికన్ రూస్' (రూస్ అంటే మోసం) వచ్చినప్పుడు మాటల మీద దృష్టి పెట్టండి. బడిలో నేర్పిన స్వేచ్ఛ, పోలీసు లాఠీ కింద తెలిసొచ్చిన స్వేచ్ఛ, ఈ రెండింటి మధ్య మోసాన్ని 1950ల రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ తరహా హుషారు బాణీలో పాడతారు. 'షేకిన్ స్ట్రీట్' పాడింది ఫ్రెడ్ స్మిత్. పదేళ్ల తర్వాత న్యూయార్క్ పంక్ కవయిత్రి, గాయని ప్యాటీ స్మిత్‌ను పెళ్లి చేసుకున్నది ఇతనే.

'ది హ్యూమన్ బీయింగ్ లాన్‌మోవర్' నాకు ఈ రికార్డులో అన్నిటికంటే ఇష్టం. వియత్నాం యుద్ధం రోజుల్లో మనుషుల్ని గడ్డిలా కోసే యంత్రం గురించిన పాట. తాళం ఉన్నట్టుండి ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది, ఇంకో నడకలోకి దూకుతుంది, అయిదుగురూ కలిసే ఆగుతారు, కలిసే లేస్తారు. చివర్లో నరికే మాట ఒక్కటే పదే పదే వస్తుంది. రెండున్నర నిమిషాల్లోపు ఇంత పని జరుగుతుంది. బ్యాండ్‌లో వాయించేవాళ్లు ఎవరైనా దీన్ని ఒకసారి నేర్చుకుని చూడండి, ఎంత ప్రాక్టీసు కావాలో తెలుస్తుంది.

ఆఖరి పాట, ఆల్బమ్‌కు పేరిచ్చిన 'బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ', చక్ బెర్రీ 1959లో అమెరికాను మనసారా మెచ్చుకుంటూ రాసింది. 'అమెరికన్ రూస్' విన్న కాసేపటికే దాన్ని వినడంతో ఆ మెప్పు ఇంకోలా వినపడుతుంది. అందుకే దీన్ని షఫుల్‌లో వినొద్దు.

అది ముగిసిన వెంటనే 1976లో వచ్చిన న్యూయార్క్ పంక్ బ్యాండ్ రమోన్స్ మొదటి ఆల్బమ్ పెట్టండి. ఎంసీ5 పదకొండు పాటలకు సుమారు 28 నిమిషాలు, రమోన్స్ పద్నాలుగు పాటలకు 29. రమోన్స్‌లో బేస్ ఒక చెవిలో, గిటార్ ఇంకో చెవిలో ఉంటాయి కాబట్టి దీనికి మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ ఉన్న వైపే వినండి. క్రేమర్, స్మిత్‌ల రిథమ్ ఇంకా కుదించుకుని, ఇంకా వేగంగా అక్కడుంటుంది. ఆ సంవత్సరాల్లో క్రేమర్ కొకైన్ కేసులో జైల్లో ఉన్నాడు. లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ 1978లో 'జైల్ గిటార్ డోర్స్' పాటను అతని పేరుతోనే మొదలుపెట్టింది.

ఇంకా వినాలనిపిస్తే 1971లో వచ్చిన 'హై టైమ్' ఉంది, ఆ అయిదుగురూ కలిసి చేసిన చివరి స్టూడియో ఆల్బమ్. పాటలు మళ్లీ సాగాయి, సౌండ్ నిండుగా ఉంది. కానీ దాన్ని ఇంకో రోజుకు ఉంచండి. అదే పూట వింటే 'బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ' మళ్లీ పలచగా అనిపిస్తుంది.