అలాస్కా హైవే మీద ఆర్వీ ట్రిప్ అనుకుంటున్నారా, బయల్దేరే ముందు ఇవి చూస్కోండి

సియాటిల్ నుంచి అలాస్కా దాకా ఆర్వీలో (లోపలే వంటిల్లు, పడకలు, బాత్రూం ఉండే బండి) వెళ్ళొచ్చాం అని తెలిసినప్పట్నుంచీ వారానికి ఒకరైనా ఫోన్ చేసి ఎలా వెళ్ళారు, పెద్దవాళ్ళని తీస్కెళ్ళొచ్చా, వంట ఎలా చేస్కున్నారు అని అడుగుతున్నారు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. మేం ఐదుగురం: నేను, మా ఆయన, పదేళ్ళ మా బాబు, కాకినాడ నుంచి వచ్చున్న మా అమ్మా నాన్నా. బండి 25 అడుగుల క్లాస్ సి, అంటే మధ్య సైజు ఆర్వీ, రెంట్‌కి తీస్కున్నాం. ఆగస్టు 10న బయల్దేరి స్కూల్ తెరిచేలోపు తిరిగొచ్చేశాం, మొత్తం 26 రోజులు.

ముందు కిలోమీటర్ల సంగతి, ఎందుకంటే మా ట్రిప్‌లో చెడ్డ రోజులన్నీ దాదాపు దీనివల్లే వచ్చాయి. అలాస్కా హైవే కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్‌లో మొదలై అలాస్కాలోని డెల్టా జంక్షన్‌లో అయిపోతుంది, యుద్ధం టైములో 1942లో అమెరికా ఆర్మీ వేసిన రోడ్డు, ఇప్పుడు సుమారు 2,200 కిలోమీటర్లు. కానీ ఆ మొదట్లో ఉండే మైల్ జీరో బోర్డు దగ్గర ఫొటో దిగడానికే సియాటిల్ నుంచి 1,300 కిలోమీటర్ల దాకా పోవాలి. అక్కణ్ణుంచి కెనడాలోనే యుకాన్ ప్రాంతంలో ఉన్న వైట్‌హార్స్ ఇంకో 1,400, వైట్‌హార్స్ నుంచి అలాస్కాలో టోక్ ఇంకో 600 పైన. మేం మ్యాప్ చూసి రోజుకి 600 కొట్టేద్దాం, యాంకరేజ్ దాకా పోదాం అనుకున్నాం. నాలుగో రోజుకి నాన్న కాళ్ళు వాచిపోయాయి, బాబు ఏడుపు, మా ఆయనకీ నాకూ మాటల్లేవు. ఫోర్ట్ నెల్సన్‌లో నాన్నే అన్నారు, "బాబూ, ఇవాళ్టికి ఆపేద్దాం, మనల్నెవరూ తరమట్లేదు కదా" అని. ఆ రాత్రే యాంకరేజ్ ఆలోచన మానేసి, రోజుకి 350 మించొద్దు, నాలుగు రోజులకోసారి అస్సలు బండి తియ్యొద్దు అని పెట్టుకున్నాం, టోక్ నుంచే వెనక్కి తిరిగాం. మీకు నెల లోపే సెలవుంటే మీరూ అదే చెయ్యండి. దెనాలీ పర్వతం చూడాలంటే ఇంకోసారి ఫ్లైట్‌లో పోవచ్చు, ఈ ట్రిప్‌లో మాత్రం చూడాల్సింది రోడ్డునే, మంచో లేక్ ఒడ్డున మధ్యాహ్నం రెండింటికి బండి ఆపేసి ఆ ఆకుపచ్చ నీళ్ళ పక్కన కుర్చీలేసుకుని సాయంత్రం దాకా కూర్చోవడం 600 కొట్టేవాళ్ళకి కుదరదు.

పేపర్ల పని మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి 2022 ఏప్రిల్ నుంచి కెనడాకి కార్డు, పాస్‌పోర్ట్ రెండూ ఉంటే చాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద హెచ్1బీలో ఉన్నవాళ్ళకీ, విజిటర్ వీసాలో వచ్చిన అమ్మానాన్నలకీ కెనడా విజిటర్ వీసా కావాలి, బయోమెట్రిక్స్ కూడా ఉంటాయి. వెనక్కి అమెరికాలోకి వచ్చేటప్పుడు మీ వీసా స్టాంపింగ్ సంగతేంటో, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) ఏం చెయ్యాలో మీ అటార్నీని ఒకసారి అడిగి బయల్దేరండి, అక్కడ నా మాట నమ్ముకోవద్దు. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర కెనడాలో చెల్లే కార్డు అడిగి తీస్కోండి. బోర్డర్‌లో తినేవి ఏమున్నా చెప్పెయ్యండి, పచ్చళ్ళు, పొడులు, కరివేపాకు అన్నీ. ఎలుగుబంట్ల కోసమని లేబుల్ మీద రాసున్న బేర్ స్ప్రే తీస్కెళ్ళొచ్చు, మనుషుల కోసం అమ్మే పెప్పర్ స్ప్రే మాత్రం కెనడాలోకి కుదరదు. రెంటల్ కాంట్రాక్ట్ పూర్తిగా చదవండి, చాలావాటిలో డాల్టన్ హైవే, టాప్ ఆఫ్ ది వరల్డ్ హైవే లాంటి కంకర రోడ్లమీదకి వెళ్ళకూడదని ఉంటుంది, అద్దం, టైర్లు కవర్ అవుతాయో లేదో కూడా అక్కడే ఉంటుంది. మా దాంట్లో అద్దం కవర్ కాలేదు, ఎదురుగా వచ్చిన లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరొచ్చి తగిలింది, వైట్‌హార్స్‌లో ఆ చిన్న గాటు పూడ్పించేశాం కాబట్టి పగులు పాకకుండా ఆగింది. గాటు పడితే తర్వాత చూద్దాం అనొద్దు, తర్వాతి ఊళ్ళోనే చేయించేస్కోండి.

రోడ్డు మొత్తం తారు రోడ్డే, భయపడక్కర్లేదు. కష్టమల్లా డిస్ట్రక్షన్ బే నుంచి బీవర్ క్రీక్ దాకా, అక్కడ రోడ్డు కింద ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల, అది కరిగినచోటల్లా రోడ్డు కుంగి అలల్లా అయిపోతుంది. దూరానికి తెలీదు, దగ్గరికొచ్చాక బండి ఎగిరి పడుతుంది, గంటకి 50, 60 మించొద్దు. ఆ రోజు పొద్దున్నే అలమరాలన్నీ తాళ్ళతో కట్టెయ్యండి, కుక్కర్ సింక్‌లో పెట్టి చుట్టూ తువ్వాళ్ళు కుక్కెయ్యండి. డీజిలైనా పెట్రోలైనా ట్యాంక్ సగానికి రాగానే నింపెయ్యడమే, ఫోర్ట్ నెల్సన్ నుంచి వాట్సన్ లేక్ దాకా 500 కిలోమీటర్ల పైన, మధ్యలో బంకులు అక్కడొకటి ఇక్కడొకటి. మా బండి 100 కిలోమీటర్లకి 27, 28 లీటర్లు తాగింది. సిగ్నల్ గంటల తరబడి ఉండదు, మ్యాపులు ఆఫ్‌లైన్ దించుకోండి. పొద్దున్న సిగ్నల్ ఉన్నప్పుడే రోడ్ల పరిస్థితి చెప్పే డ్రైవ్ బీసీ, 511 యుకాన్ సైట్లు చూస్కోండి, 2024 మేలో కార్చిచ్చు వల్ల ఫోర్ట్ నెల్సన్ ఊరు ఊరంతా ఖాళీ చేయించారు, అలాంటివి గంటల్లో మారిపోతాయి.

ఇప్పుడు నీళ్ళు. ఇంగ్లీషు వీడియోలు ఎన్ని చూసినా మన ఇళ్ళ లెక్క అందులో ఉండదు. మనం బియ్యం మూడుసార్లు కడుగుతాం, పప్పు కడుగుతాం, కూర గిన్నెకి నూనె పసుపు పోయేదాకా రుద్దుతాం, బాత్రూంలో మగ్గు వాడతాం. మా బండిలో మంచినీళ్ళ ట్యాంక్ 40 గ్యాలన్లు, ఐదుగురికి ఒకటిన్నర రోజులో ఐపోయింది. తర్వాత అమ్మే దారి చూపించింది: బియ్యం, కందిపప్పు క్యాంప్‌గ్రౌండ్ కుళాయి దగ్గరే మర్నాటికి కూడా కడిగి ఆరబెట్టేస్కోవడం, గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి తర్వాత కడగడం, తినడానికి పేపర్ ప్లేట్లు, స్నానాలు దొరికినచోట క్యాంప్‌గ్రౌండ్ షవర్లలో. అలా చేస్తే అదే 40 గ్యాలన్లు మూడు రోజులు వచ్చాయి. టాయిలెట్ ట్యాంక్‌లో మాత్రం నీళ్ళు తక్కువ పొయ్యొద్దు, అది బ్లాక్ ట్యాంక్, నీళ్ళు చాలకపోతే అడుగున గట్టిపడిపోయి కదలదు. మగ్గు వాడకం వల్ల అది తొందరగా నిండుతుంది, కాబట్టి డంప్ స్టేషన్ (ఈ ట్యాంకులు ఖాళీ చేసే చోటు) కనబడ్డప్పుడల్లా ఖాళీ చేసెయ్యండి. చేతులకి గ్లవుజులు, ముందు బ్లాక్ వాల్వ్ తియ్యాలి, అది పూర్తయ్యాక సింక్, స్నానం నీళ్ళుండే గ్రే ట్యాంక్ వాల్వ్ తియ్యాలి, సబ్బు నీళ్ళతో ఆ పైపు కాస్త శుభ్రపడుతుంది. ఖాళీ అయ్యాక బ్లాక్‌లో కొంచెం నీళ్ళు, ఆ ట్యాంక్ కోసం అమ్మే మందు వేసి మూసెయ్యాలి. తాగే నీళ్ళ పైపు వేరే, దాన్ని ఈ పనికి ముట్టుకోనివ్వొద్దు, పిల్లలకి కూడా చెప్పిపెట్టండి.

కరెంటు మాకు నేర్పిన పాఠం ఇంకా గుర్తుంది. యుకాన్‌లో క్లువేన్ లేక్ దగ్గర హుకప్ (బండికి బయటి నుంచి కరెంటు, నీళ్ళు కలిపే ఏర్పాటు) లేని చోట ఆగాం, ఆగస్టు చివరి వారం, రాత్రి రెండు డిగ్రీలకి పడింది. గ్యాస్ నిండుగా ఉంది కదా, హీటర్ వేసి పడుకున్నాం. మూడింటికి చలికి లేచేసరికి హీటర్ ఆగిపోయుంది, అమ్మ వణుకుతోంది, లైట్లు కూడా రావట్లేదు. హీటర్ మండేది ప్రొపేన్ గ్యాస్‌తోనే, కానీ వేడిగాలి తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది, సాయంత్రమంతా బాబు టాబ్లెట్లు, మా ఫోన్లు, లైట్లు అన్నీ ఆ బ్యాటరీ మీదే పెట్టాం. జనరేటర్ స్టార్ట్ అవ్వడానిక్కూడా అదే బ్యాటరీ కావాలి. మా బండికి ఇంజిన్ బ్యాటరీని కలిపే స్విచ్ ఒకటుంది, అది నొక్కి పట్టుకుంటే జనరేటర్ అందుకుంది, ఆ అర్ధగంట అమ్మని మూడు దుప్పట్లలో చుట్టి పట్టుకుని కూర్చున్నా. మీ బండికి ఆ స్విచ్ ఎక్కడుందో తీస్కునే రోజే అడగండి. రోజూ చీకటి పడేలోపు, క్యాంప్‌గ్రౌండ్‌లో ఒప్పుకునే టైములో, జనరేటర్ గంటన్నర వెయ్యండి, మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగానికి దిగనివ్వొద్దు. ఫోన్లు బండి నడిచేటప్పుడే ఛార్జ్ చేస్కోవాలి. మనిషికో మందపాటి రజాయి ఉండాల్సిందే, హీటర్ ఉందిగా అని మానెయ్యొద్దు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటే బండి చదునుగా నిలబెట్టాలి, చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు ఒక సెట్ కొనుక్కోండి. బంకులోకి వెళ్ళేముందు ప్రొపేన్ కట్టెయ్యాలి.

వంటకి కుక్కర్ ఒకటి, మూకుడు ఒకటి చాలు. కుక్కర్ పెట్టినప్పుడల్లా పైన వెంట్ తియ్యండి, లేకపోతే ఆవిరంతా కిటికీలకి పట్టి పరుపులు తడిసిపోతాయి. పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది, అందుకని ఇంట్లోనే వేయించిన పోపు సీసాలో తెచ్చుకున్నాం, గోంగూర, ఆవకాయ, కందిపొడి ఉండనే ఉన్నాయి. బయట తిన్నాక ఒక్క మెతుకు కూడా టేబుల్ మీద వదలొద్దు, నూనె, చెత్త, కుక్కర్ అన్నీ లోపలికి తెచ్చెయ్యాలి, గిన్నెలు కడిగిన నీళ్ళు నేలమీద పొయ్యకూడదు. ఎలుగుబంటి మనుషుల తిండికి అలవాటు పడితే చివరికి దాన్నే చంపేస్తారు, అది మన చేతిలో పని. బ్రిటిష్ కొలంబియాలోని లియార్డ్ దగ్గర అడవి దున్నలు (బైసన్) మందలు మందలుగా రోడ్డు మీదే నిలబడతాయి, హారన్ కొట్టకుండా, దిగకుండా ఆగండి, వాటంతట అవే కదుల్తాయి. జూన్, జులైలో వెళ్తే దోమలు ఒక పక్క, రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఇంకో పక్క, దోమతెర, కళ్ళకి కట్టుకునే గుడ్డ మర్చిపోవద్దు.

ఇంకోటి, ఐదుగురు అంత చిన్న చోట నెలరోజులుంటే గొడవలొస్తాయి, వస్తాయని తెలిసే వెళ్ళాలి. మేం పెట్టుకున్న పద్ధతి, రోజూ సాయంత్రం ఒక గంట ఎవరికి వాళ్ళు, ఎవరినీ ఎవరూ పిలవకూడదు. నాన్న క్యాంప్‌గ్రౌండ్ లోపలే నడిచేవారు, అమ్మ పడుకునేది, నేనూ బాబూ పుల్లలు ఏరేవాళ్ళం, యుకాన్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో మంటకి కట్టెలు ఊరికే ఇస్తారు కూడా. డ్రైవింగ్ ఇద్దరూ నేర్చుకుని రెండు గంటలకోసారి మారండి. లియార్డ్ వేడి నీటి బుగ్గల దగ్గర రెండు రాత్రులు ఉండేలా ముందే బుక్ చేస్కోండి, అడవిలో చెక్క దారి మీద నడిచెళ్ళి ఆ వేడి నీళ్ళలో కూర్చుంటే మా నాన్న కాళ్ళ వాపు అక్కడే తగ్గింది. నీళ్ళు ఒక పక్క మరీ వేడి, పెద్దవాళ్ళని గోరువెచ్చగా ఉన్న వైపు దించండి.

ఆగస్టు చివరికి రాత్రుళ్ళు చీకటి పడతాయి కాబట్టి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు (నార్తర్న్ లైట్స్) కనబడొచ్చు. ఒంటిగంటకి అలారం పెట్టుకుని ఒకరు లేచి చూసి, ఉంటేనే మిగతావాళ్ళని లేపండి, రోజూ అందరూ లేస్తే మర్నాడు డ్రైవింగ్ కష్టం. మాకు అలా లేచి చూసిన అయిదో రాత్రి కనబడ్డాయి. అమ్మ చెప్పుల్లేకుండానే బయటికొచ్చేసింది, నాన్న రజాయి కప్పుకుని ఆర్వీ మెట్టు మీద కూర్చుని దాదాపు గంటసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక రజాయి, అందరి చెప్పులు తలుపు దగ్గరే పెట్టుకుని పడుకోండి.