భీమవరంలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం: మొదటిసారి వెళ్లేవాళ్లు ప్రశాంతంగా చూడాలంటే

భీమవరం సందడి ఊరు. పొద్దున ఎనిమిది దాటిందంటే రొయ్యల బండ్లు, కాలేజీ బస్సులు, ఆటోల మధ్య రోడ్డు దాటడమే పెద్ద పని. పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లో ఒకటైన సోమారామం ఈ ఊళ్లోనే, గునుపూడిలో ఉంది. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, పాలకొల్లు నడిబొడ్డున మరో పంచారామం, క్షీరారామం. రెండింటినీ ఒకే పూటలో, తోపులాట లేకుండా చూసుకోవచ్చు. కాకపోతే రోజు, వేళ సరిగ్గా కుదుర్చుకోవాలి.

ముందుగా ఏ రోజు వెళ్లాలన్న సంగతి. కార్తీకమాసంలో ఐదు ఆరామాలనీ ఒక్క రోజులో చుట్టించే ప్రత్యేక బస్సులు ఆర్టీసీ నడుపుతుంది. బస్సు దిగినవాళ్లందరూ ఒకేసారి వరసలో చేరతారు, దర్శనం రెప్పపాటులో అయిపోతుంది. కార్తీక పుణ్యమే కావాలనుకుంటే ఆ నెలలోనే రండి, అందులో తప్పేమీ లేదు. గుడిని తీరిగ్గా చూడాలనుకుంటే మాత్రం మిగతా నెలల్లో మంగళవారమో, బుధవారమో, గురువారమో పెట్టుకోండి. సోమవారాలు, శివరాత్రి వద్దు. సంక్రాంతి రోజులూ వద్దు: కోడిపందేలకు వచ్చే జనంతో భీమవరంలో గది దొరకడమే కష్టం, పైగా అప్పుడే ఊరి గ్రామదేవత మావుళ్లమ్మ ఉత్సవాలు కూడా మొదలవుతాయి.

భీమవరానికి రెండు స్టేషన్లున్నాయి, టౌన్ ఒకటి, జంక్షన్ ఒకటి. మీ రైలు ఎక్కడ ఆగుతుందో టికెట్ మీద ముందే చూసుకోండి. ఆటో ఎక్కి ఊరికే ‘గుడికి’ అనకండి. భీమవరంలో గుడి అనగానే చాలామందికి ముందు మావుళ్లమ్మ తల్లే గుర్తొస్తుంది. ‘గునుపూడి పంచారామం’ అని చెప్పి, ఛార్జీ ఎంతో మాట్లాడుకుని ఎక్కండి.

ఇక్కడి శివాలయాల్లో తలుపులు మామూలుగా తెల్లవారుజామున తీస్తారు, మధ్యాహ్నం పన్నెండు లోపే వేసేస్తారు. మళ్లీ తీసేది సాయంత్రం నాలుగు తరవాతే. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. టిఫిను, స్నానం, సామాను అంటూ పదకొండున్నరకి చేరి, వేసిన తలుపులు చూసి వెనుదిరుగుతారు. ఆరింటికల్లా గునుపూడిలో ఉండండి.

ఆ వేళకి వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడి స్వామి సోమేశ్వరుణ్ణి చంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఇక్కడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని భక్తుల నమ్మకం. అది చూద్దామని వచ్చి చాలామంది నిరాశపడతారు. ఎందుకంటే అలంకారం అయ్యాక పూలు, విభూతి, వస్త్రం కప్పేసి లింగం రంగే కనిపించదు. దీపాల పసుపు వెలుగు కూడా రంగును మార్చేస్తుంది. కాబట్టి అభిషేకం జరుగుతుండగా, నీళ్లు పోసి పాలు కడిగేసిన క్షణంలో చూడండి. అలంకారానికి ముందు లింగం ఉన్నది ఉన్నట్టు కనిపించేది అప్పుడే. ఒక పౌర్ణమికి, ఒక అమావాస్యకి వస్తే పోల్చుకోవచ్చు, కార్తీక పౌర్ణమి తప్ప ఏదైనా సరే.

గర్భగుడిలోకి వెళ్లకముందు నంది దగ్గర ఆగండి. వెనక వైపు నిలబడి కొంచెం వంగి, కుడిచేత్తో నంది వెనక భాగాన్ని తాకాలి. ఎడమచేతి బొటనవేలు ఒక కొమ్ము మీద, చూపుడువేలు రెండో కొమ్ము మీద ఆనించి, ఆ సందులోంచి స్వామిని చూడాలి. దీన్నే శృంగదర్శనం అంటారు. చూపు నేరుగా లింగం మీద పడకపోతే ఇంకాస్త వంగండి, సాధారణంగా ఎత్తులోనే తేడా వస్తుంది. నందికి చుట్టూ కటకటాలుంటే తాకకుండా దణ్ణం పెట్టుకుంటే చాలు.

ప్రదక్షిణ దగ్గర తడబడకండి. అభిషేక జలం బయటికి వచ్చే తూమును సోమసూత్రం అంటారు, అది ఉత్తరం వైపు ఉంటుంది. పద్ధతి తెలిసినవాళ్లు దాన్ని దాటరు. అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగి, రెండో వైపు నుంచి మళ్లీ సోమసూత్రం దాకా వచ్చి, బయల్దేరిన చోటుకి చేరితే ఒక ప్రదక్షిణ. పూర్తిగా చుట్టి వచ్చేవాళ్లు మీకు ఎదురొస్తారు, గోడ పక్కకి జరిగి దారివ్వండి.

స్వామిని చూసి తిరిగి వచ్చేయకండి. ఇక్కడి విశేషం పై అంతస్తులో ఉంది. శివుడి గర్భగుడికి పైన అన్నపూర్ణమ్మ కొలువై ఉంటుంది, ఇలా మరెక్కడో గానీ కనిపించదు. మెట్లు ఎటో తెలియక చాలామంది కిందినుంచే వెళ్లిపోతారు. పైకి దారి ఎటని అడగండి, ఎవరైనా చూపిస్తారు.

గుడి ముందు చంద్రపుష్కరిణిలో కాళ్లు కడుక్కునేటప్పుడు పై మెట్టు మీదే ఆగండి. నీళ్లు తాకే మెట్లకి పాచి పడుతుంది, వానాకాలంలో మరీ జారతాయి. పది, ఇరవై నోట్లు చిల్లరగా ఉంచుకోండి. పళ్లెంలో దక్షిణ వేయడానికీ, చెప్పులు చూసేవాళ్లకీ అవే పనికొస్తాయి. అర్చన చేయించాలంటే గోత్రం, పేరు, నక్షత్రం ముందే గుర్తు చేసుకోండి. గోత్రం తెలియకపోతే ఆ మాటే పంతులుగారితో చెప్పండి, పూజ ఆగదు.

ఏడున్నరకి బయటపడితే టిఫిను చేసి, వీరవాసరం మీదుగా పాలకొల్లు బస్సు ఎక్కండి. తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉంటే తొందరపడే పని లేదు. క్షీరారామ గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగుల ఎత్తు. వాకిట్లో నిలబడి తలెత్తితే మెడ నొప్పి తప్ప పై బొమ్మలు కనిపించవు. ఎదుటి వీధిలో కొంచెం వెనక్కి జరిగి, బళ్లకి అడ్డం లేకుండా పక్కగా నిలబడి, కింది అంతస్తు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పైకి వెళ్లండి. ఆ తరవాతే లోపలికి. వీధి రొద గోపురం దాటగానే తగ్గుతుంది. ఉపమన్యుడికి శివుడు పాలు ప్రసాదించిన చోటు ఇదేనని, పాలకొలనే పాలకొల్లు అయిందని ఇక్కడివాళ్లు చెప్తారు.

ఎండాకాలంలో పది దాటితే బండలు కాలిపోతాయి. పట్టా పరిచినంత మేరే నడవండి, పట్టా లేని చోట నీడ వెంబడి వెళ్లండి. లోపల చూడటం పదకొండు లోపు ముగించండి. నైవేద్యానికి తెర వేశారంటే మళ్లీ తీసేదాకా మండపంలోనే కూర్చోండి, ఆ కాసేపు గుడిలో గంట చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.