పాత కంప్యూటర్‌లో కనెక్ట్ అయ్యే డేటాబేస్ కొత్తదాంట్లో కాకపోతే ఏం చూడాలి?

అదే ప్రోగ్రాం, అదే ఎస్‌క్యూఎల్ సర్వర్, అదే పాస్‌వర్డ్. పాత కంప్యూటర్‌లో పనిచేస్తోంది, కొత్తదాంట్లో ఎర్రర్. ఇలాంటప్పుడు ముందుగానే సర్వర్ జోలికి పోవద్దు, పాస్‌వర్డ్ మార్చవద్దు. తేడా చాలావరకు ఓడీబీసీ డ్రైవర్ (ప్రోగ్రాంని డేటాబేస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) దగ్గరే ఉంటుంది.

1. ముందు దారి ఉందో లేదో చూడండి. కొత్త కంప్యూటర్‌లో పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్‌లు ఇచ్చే విండో) తెరిచి, టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి సర్వర్ పేరు, పోర్ట్ 1433 ఇవ్వండి (మీ సర్వర్ వేరే పోర్ట్ వాడుతుంటే ఆ నంబరు). చివరి వరుసలో ఫాల్స్ వస్తే అది ఫైర్‌వాల్ లేదా నెట్‌వర్క్ గొడవ, డ్రైవర్‌ది కాదు. ట్రూ వస్తే ముందుకెళ్లండి.

2. ఎర్రర్ కోడ్ చదవండి. ఐఎం002 వచ్చిందంటే విండోస్‌కి మీరు చెప్పిన డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలను దాచి పెట్టుకున్న పేరు) గానీ డ్రైవర్ గానీ దొరకలేదు. అభ్యర్థన అసలు గడప దాటలేదన్నమాట! కనెక్షన్ స్ట్రింగ్‌లో (ప్రోగ్రాం సెట్టింగ్‌లలో డ్రైవర్, సర్వర్ పేర్లు రాసే వరుస) ఉన్న డ్రైవర్ పేరు, విండోస్‌లోని ఓడీబీసీ టూల్‌లో డ్రైవర్స్ ట్యాబ్‌లో ఉన్న పేరుతో సరిపోవాలి. స్ట్రింగ్‌లో డ్రైవర్ వెర్షన్ 17 అని ఉండి, కొత్త కంప్యూటర్‌లో 18 మాత్రమే వేసి ఉంటే ఇదే ఎర్రర్.

3. బిట్‌లు సరిచూడండి. ఐఎం014 వస్తే ప్రోగ్రాం 32 బిట్, డీఎస్‌ఎన్ 64 బిట్, లేదా దానికి తలకిందులు. ఇక్కడ పేర్లు తికమకపెడతాయి: సిస్టమ్32 ఫోల్డర్‌లోని ఓడీబీసీఏడీ32 టూల్ 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనిది 32 బిట్‌ది. తలకిందులుగా పెట్టారనిపిస్తుంది కానీ నిజం అదే. మీ ప్రోగ్రాం ఏ బిట్‌దో టాస్క్ మేనేజర్‌ డీటెయిల్స్ ట్యాబ్‌లో ప్లాట్‌ఫామ్ కాలమ్ పెట్టుకుంటే తెలుస్తుంది. దానికి సరిపోయే టూల్‌లోనే డీఎస్‌ఎన్ చేయండి.

4. ప్రోగ్రాం విండోస్ సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల) నడుస్తుంటే సిస్టమ్ డీఎస్‌ఎన్ వాడండి. యూజర్ డీఎస్‌ఎన్ మీ లాగిన్‌కే కనబడుతుంది. మీరు నొక్కితే పనిచేసి, రాత్రి షెడ్యూల్‌లో ఫెయిలయ్యే కేసుల్లో ఇది చాలా మామూలు.

5. సర్టిఫికెట్‌ను (సర్వర్ తానెవరో చూపే డిజిటల్ గుర్తింపు) నమ్మలేమనే ఎర్రర్ వస్తే డ్రైవర్ 17 నుంచి 18కి మారారేమో చూడండి. డ్రైవర్ 17లో ఎన్‌క్రిప్ట్ (డేటాను రహస్య రూపంలో పంపే సెట్టింగ్) డిఫాల్ట్‌గా నో, 18లో యెస్. సర్వర్‌కి సరైన సర్టిఫికెట్ పెట్టకపోతే అది తనే ఒకటి తయారుచేసుకుంటుంది, దాన్ని 18 ఒప్పుకోదు. అందుకే సర్వర్‌లో ఎవరూ ఏమీ మార్చకుండానే కనెక్షన్ ఆగిపోతుంది.

అసలు పరిష్కారం, సర్వర్‌కి నమ్మదగిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టడం. ఆఫీసు సొంత సర్టిఫికెట్ అయితే దాని రూట్‌ను (దాన్ని జారీచేసిన మూల సర్టిఫికెట్) కనెక్ట్ అయ్యే ప్రతి కంప్యూటర్‌లో వేయాలి. స్ట్రింగ్‌లో ఐపీ అడ్రస్ రాస్తే సర్టిఫికెట్‌లోని పేరుతో కుదరక మళ్లీ తిరస్కరిస్తుంది, కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్న సర్వర్ పేరే రాయండి.

అర్జెంటుగా పని జరగాలంటే స్ట్రింగ్‌లో ట్రస్ట్‌సర్వర్‌సర్టిఫికెట్=యెస్ పెట్టొచ్చు. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది గానీ అవతల ఉన్నది మీ సర్వరేనా అని డ్రైవర్ అడగదు. సొంత టెస్ట్ మెషీన్‌కి సరే, ఇంటర్నెట్ మీదుగా వెళ్లే కనెక్షన్‌కి మాత్రం వద్దు.

ఒక్కోసారి ఒక్క మార్పే చేసి, డీఎస్‌ఎన్ సెటప్ చివర ఉండే టెస్ట్ డేటా సోర్స్ బటన్ నొక్కి చూడండి. 17, 18 ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండగలవు, కాబట్టి కొత్తది వేశామని పాతదాన్ని వెంటనే తీసేయకండి.